బొట్టు పెట్టిన స్టూలు

నేను ఒక స్టూలుని. కూర్చునే రకాన్ని కాదు, ఎక్కే రకాన్ని. రెండు మెట్లు, నాలుగు కాళ్ళు, ఒక పక్కన చేత్తో పట్టుకోవడానికి నిలువు కర్ర, అదీ నా వాలకం. నిడదవోలు బజారులో గ్రంధి సత్యానందం గారి ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టులో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. అందరూ తొక్కుతారు పాపం అని నా మీద ఎవరైనా జాలిపడితే నాకు ఒళ్ళు మండుతుంది. తొక్కించుకోవడానికే నన్ను చేశారు. నా ఏడుపల్లా ఒక రోజు తొక్కనందుకే.

స్టూలు కాకముందు నేను గడపని. తాడిమళ్ళలో ఒక పెంకుటింటి గుమ్మంలో ఎన్నేళ్ళు పడి ఉన్నానో నాకే లెక్క లేదు. శుక్రవారం వస్తే చాలు, పసుపు రాసి బొట్లు పెట్టేవారు. పిల్లాజెల్లా అందరూ నా మీద కాలు పడకుండా దాటుకుంటూ పోయేవారు. పొరపాటున ఎవరి కాలైనా తగిలితే వంగి దండం పెట్టేవారు. మర్యాదకి లోటు లేదు గానీ ఊసుపోక చచ్చేదాన్ని. ఆ ఇల్లు పడగొట్టినప్పుడు కొమ్మోజు బ్రహ్మలింగం అనే వడ్రంగి నన్ను తీసుకుపోయి తన పాకలో గోడకి చేరేశాడు.

సత్యానందం గారి కొట్టులో లోవకుమారి అనే ఆవిడ ఉండేది. సామాన్లు అందించడం ఆమె పని. కొట్టు చూస్తే నేల నుంచి కప్పు దాకా అరలే. మనిషి చూస్తే బొత్తిగా పొట్టి. పైగా కొనేవాళ్ళు అడిగిన వస్తువు ఎప్పుడూ పై అరలోనే ఉంటుంది, అదేం చిత్రమో. మొగుడు పోయాక ఒక్క ఇంటి గుమ్మం కూడా ఎక్కి సాయం అడగలేదని, తన కాళ్ళ మీద తను నిలబడ్డానని చెప్పుకుని మురిసిపోయేది. ఆ నిలబడడం మాత్రం బోర్లించిన గంగాళం మీద. ఒక రోజు కాలు జారి పడి మణికట్టు వాచిపోయింది. అప్పుడు సత్యానందం గారు ఎక్కడినుంచో ఒక మడత స్టూలు తెచ్చాడు. మెరుపు బాగానే ఉందట, ఎక్కితే మాత్రం కాళ్ళు వణికాయట, దానివీ ఆవిడవీ కూడా. చివరికి బ్రహ్మలింగాన్ని పిలిపించారు.

ఆయన వచ్చి అర ఎత్తు చూడలేదు. ముందు పాత పేపరు ఒకటి నేలమీద పరిచి, "కాలు పెట్టమ్మా" అన్నాడు.

లోవకుమారి సిగ్గుపడి కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని కుడిపాదం పెట్టింది. బ్రహ్మలింగం చెవి మీది పెన్సిలు తీసి పాదం చుట్టూ గీత గీశాడు.

"స్టూలు చెయ్యమంటే చెప్పుల కొలత తీస్తావేంటయ్యా" అని సత్యానందం గారు నవ్వాడు.

"ఎత్తు చూసి కొనుక్కుంటారండి అందరూ. అందుకే పడతారు. మడమతో సహా పాదమంతా మెట్టు మీద ఆనాలండి. సగం పాదం గాలిలో ఉంటే ఎంత గట్టి స్టూలైనా దండగండి."

మంచి పాత టేకు ఉందా అని షావుకారు అడిగితే, గడప చెక్క ఉందని నా సంగతి చెప్పాడు. సత్యానందం గారి ముఖం మారింది. లక్ష్మీదేవిని కాళ్ళకింద పెట్టడమా అన్నాడు.

"గుమ్మంలో ఉన్నంతకాలం లక్ష్మేనండి. కోసేశాక కర్రేనండి" అన్నాడు బ్రహ్మలింగం.

ఆ మాట ఆ రోజు అక్కడున్న ముగ్గురూ విన్నారు. నన్ను కోసేటప్పుడు బ్రహ్మలింగం ఈ కథంతా చెప్పుకుంటే నేనూ విన్నాను. గుర్తు పెట్టుకున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను చాలాకాలం.

నన్ను కోసి రెండు మెట్లు చేశాడు. పాదం గీసిన పేపరు పెట్టి, ఇటు రెండు వేళ్ళు అటు రెండు వేళ్ళు ఎక్కువ వదిలాడు. పక్కకి ఒరగకుండా కాళ్ళు అడుగున కాస్త ఎడంగా దించాడు. నున్నగా ఉంటే జారుతుందని పాలిష్ వెయ్యలేదు సరికదా, మెట్ల మీద ఉలితో అడ్డంగా గాట్లు పెట్టాడు. పాత సైకిలు టైరు ముక్కలు కాళ్ళకింద కొట్టాడు. అంతా అయ్యాక సత్యానందం గారిని ఎక్కి చూడమన్నాడు. భారీ మనిషి కదా, ఆయనకి ధైర్యం చాల్లేదు. బ్రహ్మలింగమే పైమెట్టెక్కి, ముసలివాడు, నాలుగు గంతులు వేశాడు. నేను కిర్రుమని కూడా అనలేదు.

ఇక మొదలైంది నా బతుకు. లోవ రోజూ పొద్దున్నే మొదటిసారి ఎక్కేముందు మెట్టుని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకునేది. ఆ తరవాత చీపురు పుచ్చుకుని ఎక్కినా, గంగాళం ఎత్తుకుని దిగినా, మళ్ళీ దండం అనేది లేదు. మనుషులకి భక్తి ఆ మాత్రం ఉంటే చాలునని నా అభిప్రాయం. పైమెట్టు మీద నిలబడితే ఆమె ముఖంలో ఒక కళ వచ్చేది. "ఇక్కడినుంచి చూస్తే షావుకార్ల బట్టతలలన్నీ కనపడతాయండి" అనేది. రోజుకి ఎన్నిసార్లు ఎక్కేదో. ఆ పాదం నాకు ఎంత అలవాటైపోయిందంటే, కళ్ళు లేకపోయినా అది వేరేవాళ్ళదైతే ఇట్టే పట్టేసేదాన్ని. మడమ మీద బరువు ఎక్కువ, చిటికెన వేలు కాస్త పైకి. ఎక్కే ముందు ఎడమచేత్తో కర్రని ఒకసారి ఊపి చూసుకునేది, పదేళ్ళయినా మానలేదు.

మొన్న మహర్నవమి నాడు కొట్టులో ఆయుధపూజ చేశారు. తక్కెడకి, గిన్నెల మీద పేర్లు కొట్టే మిషనుకి, సుత్తికి, కత్తెరకి, అన్నిటికీ పసుపు రాసి బొట్లు పెట్టారు. ఏటా నన్ను ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఈసారి లోవకే బుద్ధి పుట్టింది. "ఇన్నాళ్ళనించి మోస్తోంది, దీనికీ చేద్దామండి" అని నా కాళ్ళకి పసుపు రాసి, రెండు మెట్లకీ బొట్లు పెట్టి, బంతిపూల దండ చుట్టింది. నిజం చెబుతున్నాను, అప్పుడు నాకూ ముచ్చటేసింది. పూజ చేసిన పనిముట్టుని మర్నాటిదాకా వాడకూడదన్న ఆలోచన నాకు తట్టలేదు.

తలుపులు దగ్గరగా వేస్తుంటే పాత ఖాతాదారు ఒక పెద్దావిడ వచ్చింది. కలశానికి ఇత్తడి బిందె కావాలి, అదిగో ఆ పైన ఉన్నదే కావాలి అంది.

"ఒక్కటే కదా, అందించెయ్ లోవా" అన్నాడు సత్యానందం గారు.

లోవ అలవాటుగా నా మీద చెయ్యి వేసి, ఆగిపోయింది. "దీనికి పూజ చేసేశాం కదండీ బాబుగారూ."

"అవును సుమా. అసలే గడప చెక్క. ఆ కుర్చీ ఎక్కమ్మా, ఒక్క నిమిషం పని."

కొట్టు ముందు ఏడాది పొడుగునా ఎండలో పడి ఉండే ప్లాస్టిక్ కుర్చీ అది. పెళుసెక్కిపోయి ఉంది. లోవ దాన్ని తెచ్చి నా పక్కనే వేసుకుంది. మా ఇద్దరికీ మధ్య జానెడు దూరం. నా బొట్టుకి ఒకసారి దండం పెట్టుకుని కుర్చీ ఎక్కింది. ఎడమచెయ్యి కర్ర కోసం గాలిలో తడిమింది. అక్కడ కర్ర లేదు. బిందె అందడానికి ముందుకి వంగి మునివేళ్ళ మీద లేచింది. ముందు కుర్చీ కాలు విరిగిన చప్పుడు, వెంటనే బిందె పడిన మోత. లోవ పడిన చప్పుడు నాకు వినపడలేదు, ఆ మోతలో కలిసిపోయింది. నా బంతిపూల దండ కూడా చెక్కుచెదరలేదు.

తుంటి విరిగింది. రాజమండ్రిలో ఆపరేషను చేశారు. నడుస్తుంది గానీ కర్ర లేకుండా నడవలేదని, మెట్లూ గిట్లూ ఇక జన్మలో ఎక్కకూడదని డాక్టరు చెప్పాడట. ఎక్కడమే పనిగా బతికిన మనిషికి!

కొట్టులో ఏమనుకున్నారో వినండి. బొట్టు పెట్టినదాన్ని తొక్కలేదు కాబట్టే అమ్మవారు ప్రాణంతో వదిలిందట. సత్యానందం గారు కనపడినవాళ్ళందరికీ ఇదే చెప్పాడు. చెప్పి చెప్పి తనే నమ్మాడు. నన్ను తీసుకెళ్ళి దేవుడి పటాల కింద మూలన పెట్టి, పైమెట్టు మీద దీపం వెలిగించాడు. మళ్ళీ శుక్రవారం శుక్రవారం పసుపు మొదలు. ఇంతకంటే ఆ పాకలో గోడకే ఉన్నా బాగుండేది. నోరుంటే ఒక్క మాట అడిగేదాన్ని. ఆవిడ కాలు నా మీద పడితే నాకు అపచారమని మీకు ఎవరు చెప్పారు నాయనా?

లోవ స్థానంలో నాగదుర్గ అనే అమ్మాయి వచ్చింది. కొత్త పెళ్ళికూతురు, కాళ్ళ పారాణి ఇంకా పోలేదు. ఆమె ఎక్కడానికి మళ్ళీ ప్లాస్టిక్ కుర్చీయే కొన్నారు. ఈసారి ఎర్రది.

వైశాఖంలో పెళ్ళి బేరాలు జోరుగా ఉండగా ఒక మధ్యాహ్నం లోవ ఆటోలో వచ్చింది. చూసిపోదామని వచ్చానంది. చేతికర్ర ఊతంతో లోపలికి వచ్చేసరికి చెమటలు పట్టాయి. సత్యానందం గారు కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఆమె టీ తాగలేదు. ఎర్రకుర్చీ మీద మునివేళ్ళ మీద నిలబడి గంగాళం దించుతున్న నాగదుర్గని చూస్తూ ఉండిపోయింది.

"దిగమ్మా. దిగు ముందు" అంది మెల్లిగా.

లేచి మూలకి వచ్చింది. దీపం తీసి కింద పెట్టింది. కొంగుతో నా మెట్ల మీది పసుపూ బొట్లూ తుడవడం మొదలుపెట్టింది.

"అదేంటి లోవా, అపచారం కదూ" అన్నాడు సత్యానందం గారు.

"కోసేశాక కర్రేనని లింగం బాబాయి ఆ రోజే చెప్పాడండి. మనం విన్లేదు. నన్ను మోసేదానికి దండం పెట్టుకుని, మొయ్యలేనిదాన్ని ఎక్కానండి. ఈ పిల్లని కూడా ఎక్కించకండి."

సత్యానందం గారు దీపం అందుకుని పటాల ముందు పెట్టాడు. అమ్మవారి మాట ఎత్తలేదు. తనే వంగి నన్ను అర దగ్గరకి లాక్కొచ్చాడు. నాగదుర్గ భయం భయంగా ఎక్కింది. కొత్త పాదం, మెట్టు మీద ఇంకా చోటు మిగిలింది. "కర్ర ఒకసారి ఊపి చూసుకో, ఎప్పుడూ" అని లోవ కింద నుంచి చెప్పింది. గంగాళం క్షేమంగా కిందికి దిగింది.

బేరం అయి వాళ్ళు సామాను కట్టిస్తుంటే లోవ ఒక్కతే నా దగ్గర నిలబడింది. ఒక చేత్తో చేతికర్ర, ఇంకో చేత్తో నా కర్ర పట్టుకుంది. కుచ్చిళ్ళు కాస్త పైకి తీసి కుడిపాదం మొదటి మెట్టు మీద పెట్టింది. అదే మడమ, అదే చిటికెన వేలు. బ్రహ్మలింగం పేపరు మీద గీసిన ఆ గీతలో ఇప్పటికీ సరిగ్గా సరిపోతుంది. నేను నాలుగు కాళ్ళూ బిగబట్టుకుని ఎదురుచూశాను. పాదం అలాగే ఉంది. బరువు మాత్రం రాలేదు.

"లోవా, ఆటో వచ్చిందమ్మా" అని సత్యానందం గారు పిలిచాడు.

ఆమె పాదం తీసేసుకుంది. ఈసారి వేళ్ళతో తాకి కళ్ళకద్దుకోలేదు. మెట్టు మీద ఆ వెచ్చదనం కాసేపు ఉంది. తరవాత పై అర నుంచి ఎవరికో బిందె కావాలంటే నాగదుర్గ ఎక్కింది.