ఒక్క ముడి

వల అల్లుతూ చదువుకోవడం నాగులమ్మకు అలవాటు. ముడికొక ఇంగ్లీషు మాట. బోగోలు దాపున ఉన్న ఆ పల్లెకారుల ఊళ్లో ఎస్.ఎస్.ఎల్.సి. దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల ఆమె. ప్యాసైతే నర్సు ట్రైనింగు. "ఈ ఒక్క ఏడే. తప్పినావంటే చేపల బుట్ట ఎత్తుకోవాల్సిందే" అని తండ్రి ముత్యాలయ్య ముందే చెప్పాడు.

హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టరు కామాక్షయ్య గారు రోజుకు ఇరవై మాటలు బోర్డు మీద రాసి, మర్నాడు అప్పజెప్పమనేవారు. నాగులమ్మ ఒక్కటీ తప్పేది కాదు. "చేప ఎరను మింగినట్టు మింగుతుందిరా ఈ పిల్ల" అని ఆయన అంటే తరగతి నవ్వేది. ఆమె కూడా నవ్వేది.

పరీక్షలో బోర్డు మీద ఎన్నడూ చూడని మాటలు వచ్చాయి. తెలియని మాటను విప్పి చూసుకోవచ్చని ఆమెకు తెలియదు. ఇంగ్లీషు తప్పింది.

సర్టిఫికెట్టుకని బడికి వెళ్లిన రోజు, తోటి పిల్ల ప్రమీల మాస్టరు గారింట్లో రాసుకున్న తన ట్యూషను పుస్తకం చూపించింది. పేజీ మధ్యలో 'పోర్ట్' అనే ధాతువు, దాని అర్థం మోయడం. ముందు ఉపసర్గ చేరిస్తే ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్. వెనక ప్రత్యయం చేరిస్తే పోర్టర్, పోర్టబుల్.

"ఇంత సులువు గదా, నీకు తెలీదా?" అంది ప్రమీల.

ఆ అయిదు మాటలనూ నాగులమ్మ బడిలో అయిదు వేరువేరు రోజుల్లో బట్టీ పట్టి ఉంది. పుస్తకం పట్టుకుని నేరుగా మాస్టరు దగ్గరికి వెళ్లింది.

"ఇది మాకు చెప్పలేదేం సార్?"

"అది ఇంటికి వచ్చేవాళ్లకు చెప్పేదమ్మా."

"నేనూ వచ్చినాను గదా సార్. నీచు వాసనని అమ్మగారు వసారా ఎక్కనీలేదు. మీరు లోపల్నే ఉన్నారు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సెప్టెంబరులో మళ్లీ రాయి. తెలివిగలదానివి."

"మా నాయన రాయనీడు. కానీ ఆయన నాకు వల నేర్పేటప్పుడు ఒక్క ముడి చూపించినాడు సార్. వలంతా దాంతోనే అల్లినాను. ముడి దాచిపెట్టి, వల ఏదీ అని అడగలేదు."

వారం తిరక్కముందే నాగులమ్మ తల్లి వెంట చేపల బుట్టతో ఆ వీధిన వచ్చింది. మాస్టరు గారి వసారాలో కొత్త పిల్లలు గొంతు కలిపి చదువుతున్నారు: "పోర్ట్ అంటే మోయడం." ఆమె నెత్తి మీది బుట్ట సర్దుకుని ముందుకు నడిచింది.

చదువు చెప్పలేకపోవడం లోపమే కావచ్చు. కొందరికి దాచిపెట్టి అందరికీ ఒకే పరీక్ష పెట్టడం మాత్రం అన్యాయం.