పక్క తలుపు బీడింగ్

ప్రతి సోమవారం ఏడున్నరకల్లా నర్సమ్మ కారు మేస్త్రి షెడ్డు ముందు ఆగుతుంది. ఎర్ర రంగు, రెండే తలుపులు, నడుము వంచితే గానీ ఎక్కలేనంత పొట్టి బండి. జర్మనీ వాళ్లు పందేల కోసం చేసిన రకం. ఇంజన్ వెనకాల, డిక్కీ ముందు. ఆ ముందు డిక్కీలో ఆమె కట్టుగుడ్డలు, సిరంజిలు, బీపీ మిషను, మడతపెట్టిన వాకరు పెట్టుకుని రోజుకి పదకొండు ఇళ్లు తిరుగుతుంది. మంచం దిగలేని వాళ్లకి పుళ్లు కడుగుతుంది, ఇంజెక్షన్లు చేస్తుంది.

"పందెం గుర్రానికి కూరగాయల బండి కట్టావు కదమ్మా," అని వీధిలో అందరూ నవ్వేవాళ్లు.

"గుర్రాన్ని కొట్టంలో కట్టేస్తే కాళ్లు పడిపోతాయి," అనేది ఆమె.

మేస్త్రి ఇంజన్ మూత ఎత్తి, నూనె పుల్ల తుడిచి ముంచి చూసేవాడు. కింద నేల మీద నూనె చుక్కలు లెక్కపెట్టేవాడు. ఈ రకం ఇంజన్ చుక్క రాల్చకపోతే సంతోషించకూడదు, లోపల నూనె అయిపోయిందని అర్థం. తర్వాత టైర్లలో గాలి, బ్రేకు, బెల్టు బిగువు. అరగంట పని.

ఆ కార్లో ఎప్పుడూ పొద్దున పదే. బయట వాన పడుతున్నా, చీకటి పడుతున్నా, తలుపు వేసుకుంటే లోపల పదింటి ఎండ సీట్ల మీద పరుచుకుని ఉంటుంది. చేతి గడియారాలు పది చూపించి ఆగిపోతాయి, దిగగానే తప్పిపోయిన గంటలన్నీ కలుపుకుని పరిగెడతాయి. పాలు విరగవు. మందులకి ఐసు పెట్టె అక్కర్లేదు. సాయంత్రమైతే నడుం పట్టేసే ఒక పెద్దాయన, ఆసుపత్రికంటూ వెళ్తే ఆ కార్లోనే వెళ్తానని భీష్మించుకున్నాడు. ఎందుకలా అని ఎవరూ అడగలేదు. ఉప్పు ఉప్పగా ఎందుకుందని ఎవరడుగుతారు?

రెండే షరతులు. బండి రోజూ తిరగాలి, వారం నిలబెడితే లోపలి పొద్దు ముక్కవాసన కొడుతుంది. తలుపుల చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ గట్టిగా ఉండాలి. అది ఎండిపోయి చీలితే పొద్దు కారిపోతుంది.

పక్కసీటు తలుపు బీడింగ్ పాతబడిందని నర్సమ్మే రెండు నెలల కింద జర్మనీ నుంచి కొత్తది తెప్పించింది. పార్సిలు షెడ్డుకి వచ్చిన రోజే అద్దాలగది ఆయన అని అందరూ పిలిచే డబ్బున్న ఆసామీ కూడా వచ్చాడు. ఆయన దగ్గరా ఇదే రకం కారు ఉంది. దాన్ని ఇంట్లో చల్లటి అద్దాలగదిలో పెట్టుకుని, అతిథులకి చూపించి మళ్లీ గుడ్డ కప్పుతాడు. "నా బండికి ఇది వెయ్యి మేస్త్రీ, నీ చేతి పని మా గదిలో నలుగురూ చూస్తారు," అన్నాడు. ఆ మాటకి మేస్త్రి పొంగిపోయాడు. కొత్త బీడింగ్ ఆ కారుకి వేసి, నర్సమ్మ కారుకి పాత బస్సు కిటికీ రబ్బరు కోసి అతికించాడు. రోజూ తిరిగే బండే కదా, దీనికిది చాల్లే అనుకున్నాడు.

దున్నే ఎద్దుకి ఎండుగడ్డి, ఊరేగే ఎద్దుకి పట్టుగుడ్డ. లోకం తీరే అంత అని సరిపెట్టుకోవడానికి అతను లోకం తెలియని వాడు కాదు. పన్నెండో ఏట నుంచి ఇంకొకరి బండి కింద వెల్లకిలా పడుకుని బతికినవాడు. చలిలో షావుకారు కార్లకి దుప్పట్లు కప్పి, తను గోనెసంచి మీద పడుకున్నవాడు. అలాంటివాడే ఆ పని చేశాడు. అదే నాకు మండుతుంది.

తర్వాత ఒక సోమవారం నర్సమ్మ అడిగింది, "బాబాయ్, పక్కసీట్లో పెట్టిన పాలు విరిగాయి. ఎప్పుడూ లేంది?"

"ఎండలమ్మా," అన్నాడు, తేలు కుట్టిన దొంగలా ఇంజన్‌లోకి తల దూర్చి.

ఆ వచ్చే సోమవారం ఎనిమిదింటికి ఇంజన్ నడుస్తుండగా బెల్టు చప్పుడు వింటున్నాడు. నడిచే ఇంజన్ దగ్గర గుడ్డ పట్టుకోవద్దని ముప్పై ఏళ్లుగా అందరికీ చెప్పినవాడు, ఆ రోజు కుడిచేతిలో గుడ్డతోనే వంగాడు. బెల్టు గుడ్డని లాగింది, గుడ్డ చేతిని లాగింది. ఇంజన్ ఆపేలోపు చూపుడువేలు కింద నేల మీద ఉంది.

నర్సమ్మ చేతిని పైకెత్తించి గట్టిగా కట్టు కట్టింది. తెగిన వేలిని కడిగి, తడిగుడ్డలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టింది. పెద్ద ఆసుపత్రికి ఫోన్ చేసింది. "ఆరుగంటల్లోపు తెస్తే అతుకుతుందట. ఎక్కు బాబాయ్."

షెడ్డు వెనక ఇంట్లోంచి మేస్త్రి భార్య ఐసు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఇది పెట్టుకెళ్లండే!"

"ఈ కార్లో ఐసెందుకు పిన్నీ? ఎప్పుడూ పదే కదా."

మేస్త్రి నోరు తెరిచాడు. భార్య ఎదురుగా ఉండడంతో మళ్లీ మూసుకుని, డబ్బాతో పక్కసీట్లో కూర్చున్నాడు. తలుపు పడింది.

ఆసుపత్రి రెండు గంటల దూరం. దారిలో నర్సమ్మ ఒక్కో ఇంటికీ ఫోన్ చేసి రాలేనని చెబుతుంటే, అవతల ఒక ముసలమ్మ, "మెకానిక్ వేలు తెగితే నా కట్టు ఎవరు మారుస్తారే?" అని గొంతు చించుకుంది. మేస్త్రి వినడం లేదు. ఒళ్లో డబ్బా చూస్తున్నాడు. ఇంజన్ కింద కన్ను చేరని సందులో అతనికి చూపు ఆ వేలే. బోల్టు మర అరిగిందో లేదో, పైపు చెమర్చిందో లేదో దానికే తెలిసేది. అది లేకపోతే షెడ్డు తాళం వేసుకోవడమే.

వంతెన మీద సరుకు లారీ అడ్డంగా తిరిగి పడింది. ముందు వందల బండ్లు, వెనక వందల బండ్లు.

"ఫరవాలేదు, ఎన్ని గంటలైనా మనకి పదే," అంది నర్సమ్మ సీటుకి ఆనుకుంటూ.

అప్పుడే, ఎండకి కాగిన బస్సు రబ్బరు సందిచ్చినట్టుంది, మేస్త్రి ఎడమచేతి గడియారంలో ముల్లు కదిలింది. పదీ ఒకటి. కాసేపటికి పదీ రెండు. అతని భుజం మీద ఎండ కాస్త ముదిరింది. చెప్పాలి. చెబితే ఈ పిల్ల మొహం ఎలా చూడాలి? పదీ ఎనిమిది. అరిగిన టైరుతో కొండ దిగుతున్నవాడిలా బిగుసుకుపోయాడు. పదీ ఇరవై.

"అమ్మాయ్, ఈ డబ్బా నీ వైపు పెట్టుకో."

"ఎందుకు?"

"ఈ పక్క కారుతోంది."

ఆమె తల తిప్పి గడియారం చూసింది. తలుపు చూసింది. వేలితో రబ్బరు నొక్కింది.

"ఇది నేను తెప్పించింది కాదు."

"బస్సు కిటికీది."

"మరి నాదేది?"

"అద్దాలగది ఆయన బండికి వేశాను."

"ఆ బండి ఎక్కడికెళ్తుంది?"

"ఎక్కడికీ వెళ్లదు."

"వాన తగులుతుందా దానికి?"

"తగలదు."

"అందులో ఎవరైనా ఎక్కుతారా?"

"ఎవరూ ఎక్కరమ్మా."

ఆమె రబ్బరు మీంచి వేలు తీసి గుడ్డకి తుడుచుకుంది. తిట్టినా బాగుండుననిపించింది అతనికి. "నేను నీ మాట మీద ఐసు వదిలేసి వచ్చాను బాబాయ్. ఎండలన్నావు నువ్వు."

"అన్నాను."

"సిగ్గు తర్వాత పడుదువు గానీ, ముందా సంచీ అందుకో."

డబ్బాని తన సీటు వెనక, తన తలుపు వైపు పెట్టింది. సంచీలోంచి దూదిచుట్ట, కట్టుగుడ్డ, ప్లాస్టరు తీసింది. పుండు అంచు మూసినట్టు తలుపు సందు పొడుగునా దూది కూరింది, పైన గుడ్డ పరిచి ప్లాస్టరు అంటించింది. మేస్త్రి ఎడమచేత్తో చివరలు పట్టుకున్నాడు. "గట్టిగా నొక్కు. ఇంకా గట్టిగా. ఇన్నేళ్లు మేస్త్రివి, రబ్బరు అతికించడం నేర్పాలా నీకు?"

పొద్దు పూర్తిగా ఆగలేదు. అతని వైపు మెల్లగా మధ్యాహ్నమైంది, ఆపైన వాలింది. చెయ్యి వాచి సలపడం మొదలుపెట్టింది. డబ్బా ఉన్న చోట మాత్రం పదింటి ఎండ కదల్లేదు. ఇద్దరి మధ్య గేరు కర్ర మీద వెలుగు రెండుగా విడిపోయింది.

ఆసుపత్రికి చేరేసరికి బయట ఐదైంది. డాక్టరమ్మ చెయ్యి చూసి పెదవి విరిచింది. "తొమ్మిది గంటలైంది కదా!"

"చేతికి," అంది నర్సమ్మ.

నర్సమ్మ కారు సంగతి ఎరిగిన డాక్టరమ్మ డబ్బా తెరిచి చూసి, "ఆ కార్లో తెచ్చారా?" అంది.

"ఆ కార్లోనే. కానీ ఇరవై నిమిషాలు కారింది."

డాక్టరమ్మ కాగితం మీద చేతికి ఒక టైము, వేలికి ఒక టైము రాసుకుంది. "కలపడం నా పని. కలిసి ఉండడం వాటి పని. బల్ల మీద పడుకోండి."

కలిసే ఉన్నాయి. రెండున్నర నెలలకి చూపుడువేలు వంగింది, నిమిరింది, బోల్టు మర పోల్చుకుంది. కారిపోయిన ఆ ఇరవై నిమిషాల గుర్తుగా గోరు పక్కన బియ్యపుగింజంత చోట స్పర్శ రాలేదు, అంతే. మేస్త్రి తన ఖర్చుతో జర్మనీ బీడింగ్ తెప్పించి, ఆ వేలితోనే తలుపంతా తడుముతూ అతికించాడు. నర్సమ్మ తలుపు రెండుసార్లు వేసి చూసుకుని, "పాలు విరిగితే మళ్లీ వస్తాను," అని వెళ్లిపోయింది. అంతకుమించి ఆ ఊసెత్తలేదు.

ఒక్కటే తేడా. సాయంత్రమయ్యేసరికి తొమ్మిది వేళ్లూ కీళ్లు పట్టేసి పానా వదిలేసేవి. ఆ ఒక్కటి మాత్రం పొద్దున పదిలాగే వెచ్చగా, చురుగ్గా పని అడిగేది. ఊరికే ఉంచితే నిద్రపోనిచ్చేది కాదు. దాంతో మేస్త్రి ఐదింటికి మూసే షెడ్డుని సాయంత్రాలూ తెరిచి ఉంచాడు. అప్పుడు తెలిసింది, రోజంతా బండి మీద బతికేవాళ్లకి పొద్దున షెడ్డుకి రావడం ఎన్నడూ కుదరలేదని. స్కూలు వ్యాను వచ్చింది. రొట్టెల వ్యాను వచ్చింది. నర్సమ్మలాగే రోజూ, ఆఫీసుకి పాత జర్మనీ పందెం కారు నడిపే గుమాస్తా ఒకడు, ఏ మేస్త్రీ ముట్టుకోని బండిని తోసుకుంటూ వచ్చి, "మీరు నవ్వరు కదా?" అని అడిగాడు.

"నవ్వను. మూత ఎత్తు," అన్నాడు మేస్త్రి.

అద్దాలగది ఆయన కబురు మీద కబురు పెట్టాడు. మేస్త్రికి తీరలేదు.

ఒక సాయంత్రం గుమాస్తా బండి కింద పడుకుని ఉంటే, భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అన్నం చల్లారిపోతోంది. పొద్దుపోయింది, తెలుస్తోందా?"

"దీనికింకా పోలేదే," అన్నాడు బండి కిందనుంచి వేలు ఒక్కటీ బయటపెట్టి.

"అయితే దాన్నక్కడే వదిలేసి నువ్వు రా."

బండి కింద నవ్వు వినిపించింది. ఆ వెనకే, బోల్టు బిగుసుకున్న చప్పుడు.