తవుడు కుండలో అమ్మ

మా ఇంట్లో కంప్యూటరుకు వేడి తగలకూడదని స్టాండు ఫ్యాను కొన్నాం. కంప్యూటరు కొన్నది రెండువేల నాలుగులో, మా అమ్మాయి కవిప్రియ చదువు కోసం. చదువు కోసం కొన్న వస్తువు పాడైపోతుందని కవిప్రియను దాన్ని ముట్టుకోనివ్వలేదు. నా భార్య పూంగావనం పూలు కుట్టిన గుడ్డ ఒకటి దానికి కప్పింది. ఆయుధపూజ నాడు తెర మధ్యలో కుంకుమబొట్టు పెట్టింది, దాన్ని తుడవడం అపచారమంది. ఆ బొట్టు కింద ఏ అక్షరం వచ్చినా మేం ఊహించుకుని చదువుకునేవాళ్లం. ఇంటికి ఎవరొచ్చినా కాఫీకి ముందు గుడ్డ తీసి చూపించి, కాఫీ కాగానే కప్పేసేవాళ్లం.

తమిళనాడులో మా ధర్మపురి ఎండ ఎండే. హాల్లో పైన ఇంకో ఫ్యాను ఉంది గానీ అది తిరుగుతున్నప్పుడు రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. గాలి ఇచ్చేది స్టాండు ఫ్యాను ఒక్కటే. అది ఎప్పుడూ కంప్యూటరు వైపే చూస్తూ ఉండేది.

మరుసటి ఏప్రిల్‌లో మా అమ్మ మీనాక్షమ్మకు గుండె బలహీనంగా ఉంది, మంచం దిగవద్దని డాక్టరు చెప్పాడు. హాల్లో, కంప్యూటరుకు ఆరడుగుల దూరంలో మంచం వేశాం.

కంప్యూటరు అమ్మిన బాలసుందరం దాంతోపాటు ఒక మైకు ఉచితంగా ఇచ్చాడు. ఊరికే వచ్చిన వస్తువును వాడకుండా పడెయ్యడం మా వంశంలో లేదు. ఒకరోజు మధ్యాహ్నం ఆ మైకు తీసుకుపోయి అమ్మ నోటి దగ్గర పెట్టాను. "ఏమన్నా మాట్లాడుమా," అన్నాను. ఆ యంత్రం ఒకసారికి అరవై సెకన్లే పట్టేది. అమ్మ మొదట సణిగింది, తరవాత మాట్లాడింది. "మీ నైన వస్తే చెప్పు, ఆ..." అంటూ ఉండగా అరవై అయిపోయాయి.

మే నెలలో ఒక శనివారం సాయంత్రం నాలుగు గంటలకు అమ్మ పోయింది.

పదో రోజు అయ్యాక మా నాన్న వీరప్పకు ఆ నిమిషం వినిపించాను. ఆయన పక్కనున్న ఇండూరు పల్లెలో చేను చేసిన మనిషి. చదివింది అరవం, మాట్లాడేది తెలుగు; ఇంగ్లీషు ఆ రెండూ కాదు. విన్నాక కంప్యూటరు వెనక్కి పోయి చూసి వచ్చాడు.

"ఇంగోసారి ఎయ్యనా నైనా?"

"వద్దు వద్దు. ఊరికే ఎయ్యద్దు, అరిగిపోతాది."

"ఇది క్యాసెట్టు కాదు నైనా, అరగదు."

"అరగని వస్తువు ఏముండాదిరా? ఇరుసే అరిగిపోతాది. వారానికి ఒకసారి చాలు."

అట్లా శనివారం నాలుగు గంటలు ఖాయమైంది. కవిప్రియ దగ్గర రహస్యంగా పాఠం చెప్పించుకున్నాడు. ఏ అక్షరమూ చదవకుండా, పైనుంచి ఎన్నో వరుస నొక్కాలో గుర్తు పెట్టుకున్నాడు. శనివారం స్నానం చేసి, తెల్ల పంచె కట్టుకుని, గుడ్డ మడిచి పక్కన పెట్టి, మమ్మల్నందరినీ బయటికి పొమ్మనేవాడు. లోపల ఇనప్పెట్టె తెరుస్తున్నట్టు ఏదో చేసుకుని, "రాండి," అనేవాడు. మేం లోపలికి పోయి చేతులు కట్టుకుని నిలబడేవాళ్లం. నాకు మాత్రం నలభయ్యో సెకను వచ్చేసరికి ఎప్పుడూ పెరట్లో కొళాయి కట్టేసే పని గుర్తొచ్చేది.

అయిపోయాక ప్రతిసారీ అదే ప్రశ్న.

"ఆ అన్నాదే, ఆ తరవాత ఏం చెప్పిందిరా? నువ్వు పక్కనే ఉంటివి కదా."

"గుర్తు లేదు నైనా."

గుర్తు ఉండే వీలే లేదు. ఆ మాట అమ్మ పూర్తి చేసే ఉంటుంది. నేను అప్పుడు యంత్రం ఎందుకు ఆగిపోయిందా అని తెర చూస్తున్నాను.

"పెట్టె తాళం సంగతి అయ్యుంటాది," అనేవాడు ఒక వారం. "కాదు, నా కండ్లద్దాల సంగతి," ఇంకో వారం. ఇట్లా పదకొండు శనివారాలు జరిగాయి.

పన్నెండో వారం శుక్రవారం పొద్దున నేను గడ్డం గీసుకుంటున్నాను. మా ఇంట్లో శుక్రవారం దీపం పెట్టేలోపల చెత్తంతా బయటికి పోవాలి, లేకపోతే లక్ష్మి గుమ్మం దాకా వచ్చి ముక్కు మూసుకుని వెనక్కి పోతుంది. పూంగావనం వంటింటి చెత్తకుప్ప బయట పోసింది, పెరటి కుప్ప పోసింది, కంప్యూటరు మీది గుడ్డ దులిపింది. అది వెలిగే ఉంది. తెర మీద ఒక మూల చిన్న చెత్తబుట్ట బొమ్మ, అందులోంచి కాగితాలు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి.

"ఏమండి, దీంట్లో కూడా కుప్ప నిండి ఉండాది. పోసేసేదా?"

"పోసెయ్యి. దానికి కూడా నన్ను అడగాలా?"

పోసేముందు యంత్రం ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఇంగ్లీషులో అడిగినదానికి కాదనడం మర్యాద కాదని మా ఇంట్లో అందరి అభిప్రాయం. పూంగావనం ఔనంది. బుట్ట శుభ్రమైంది. శుక్రవారం కదా అని నేను కూర్చుని, బాలసుందరం ఇచ్చిన భక్తి పాటలు ఐదు సీడీలూ అందులోకి ఎక్కించాను. ఆ రోజు ఇల్లు గుడిలాగా ఉందని మా ఇద్దరికీ అనిపించింది.

శనివారం నాలుగయింది. మేం బయట నిలబడ్డాం. నాలుగుంబావు అయినా "రాండి" అనే మాట రాలేదు. లోపలికి పోయాం. నాన్న తెర ముందు కూర్చుని, చేతిలో మౌసు కదపకుండా పట్టుకుని ఉన్నాడు.

"ఈ కుప్ప ఎవురు పోసినారు?"

"నేనే మామా. నిన్న శుక్రవారం కదా," అంది పూంగావనం.

కవిప్రియ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "తాతా! అవ్వను మళ్లీ దాంట్లోనే పెట్టినావా? వేరే తావులో పెట్టమంటిని కదా!"

అప్పుడు గాని నాకు విషయం తెలియలేదు. ప్రతి శనివారం ఆయన అమ్మను ఆ చెత్తబుట్టలోంచి పైకి తీసి, విని, మళ్లీ అందులోనే దాచేవాడు.

"దాంట్లో ఎందుకు పెట్టినావు నైనా?"

"ఇంకెక్కడ పెట్టేది? పైన అంతా మీరు నొక్కతా ఉంటారు. కుప్పలో ఎవురు చెయ్యి పెడతారు? మా అమ్మ కమ్మలు ఎక్కడ దాచింది?"

ఆ కథ మా ఇంట్లో అందరికీ వచ్చు. మా నాయనమ్మ తన బంగారు కమ్మలు గుడ్డలో కట్టి తవుడు కుండలో దాచింది. దొంగలు బీరువా చూస్తారు గానీ తవుడు చూడరు. దొంగలు చూడలేదు. ఆమె ఆడబిడ్డ ఆ తవుడు ఎనుముకు పెట్టేసింది.

"మూడు దినాలు ఆ ఎనుము ఎనకాలే తిరిగినాము," అన్నాడు నాన్న. "పేడంతా పిసికి చూసినాము. దొరికినాయి కదా? ఇది పోసిన కుప్ప ఎక్కడికి పోతాదో చెప్పు. పోయి ఎతుకుదాం."

పూంగావనం ఏడుపు మొదలుపెట్టింది. ఆయన కోడలిని ఒక్క మాట అనలేదు. లేచి చొక్కా వేసుకున్నాడు.

బాలసుందరం అంగడి బస్టాండు దగ్గర. మోపెడ్ మీద నా వెనక కూర్చుని, కంప్యూటరు డబ్బాను ఒళ్లో పెట్టుకుని, దుప్పటి కప్పి, గుంత వచ్చినప్పుడల్లా "మెల్లగా పోనీరా," అన్నాడు నాన్న. ఆస్పత్రికి పోయినప్పుడు అమ్మను కూడా ఇట్లాగే పట్టుకున్నాడు.

బాలసుందరం రెండు రోజులు వెతికాడు. రెండువందల పద్నాలుగు వస్తువులు బయటికి తీశాడు. కవిప్రియ దొంగతనంగా గీసిన జెండాలు వచ్చాయి. నేను ఎవరికో రాసి పంపని అర్జీ వచ్చింది. అమ్మ రాలేదు.

"కుప్ప పోసినాక దీంట్లో మళ్లా ఏమన్నా ఎక్కించినారా సార్?"

"భక్తి పాటలు. ఐదు సీడీలు."

"అయ్యో. అవి సరిగ్గా ఆ జాగాలోనే పోయి కూర్చున్నాయి సార్. ఇంక రాదు."

సాయంత్రం ఇంట్లో పూంగావనం ఓదార్చబోయింది. "ఎవురో కాదు కదా మామా, దేవుడు కదా కూర్చునింది."

"దేవునికి ఇంగో జాగా దొరకలేదా అమ్మా?" అన్నాడు నాన్న. కోపంగా కాదు. నిజంగానే అడిగాడు.

నేనొక మాట ఒప్పుకోవాలి. బాలసుందరం ఇంక రాదనగానే నాకు ఏడుపు వచ్చింది. దానికి ఒక్క క్షణం ముందు, గుండె మీదనుంచి ఎవరో లేచిపోయినంత తేలికగా అనిపించింది. నలభయ్యో సెకను కూడా పోయింది కదా.

తరవాతి శనివారం నాలుగు గంటలకు నాన్న మళ్లీ స్నానం చేసి, తెల్ల పంచె కట్టుకుని వచ్చి కూర్చున్నాడు. మమ్మల్ని బయటికి పొమ్మనలేదు. బుట్ట తెరిచి చూశాడు. ఖాళీ. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. తెర వైపే చూస్తూ, అమ్మ ఎక్కడెక్కడ ఊపిరి తీసుకునేదో అక్కడక్కడ ఆగుతూ మొదలుపెట్టాడు.

"ఏం మాట్లాడేదిరా? దీంట్లో మాట్లాడితే ఎవురు ఇంటారు? మీ నైన అన్నం తిన్నాడా? ఇండూరు నుంచి చింతకాయ వచ్చినాది, ఉప్పేసి పెట్టమంటి పూంగావనాన్ని, పెట్టిందో లేదో. ఒరే శేఖరా, ఒళ్లంతా చెమట పోస్తా ఉండాదిరా. ఆ ఫ్యాను రవ్వంత ఇట్లా తిప్పు."

గొంతు మార్చాడు. అది నా గొంతు.

"కంప్యూటరు వేడెక్కిపోతాదిమా. ఉండు కాసేపు."

మళ్లీ అమ్మ.

"సరి, సరి. దానికే ఉండనీ. పిల్ల చదువు కదా. మీ నైన వస్తే చెప్పు, ఆ..."

ఆగిపోయాడు. నాకు ఆ రోజు కొళాయి గుర్తు రాలేదు.

నేను పోయి ఫ్యాను మెడ పట్టి తిప్పాను. కొన్నప్పటినుంచి ఒక్కసారీ తిప్పలేదేమో, బిగుసుకుపోయి ఉంది. కిర్రుమని తిరిగింది. గాలి నాన్న పంచె మీద పడింది.

ఆయన ఒక చెయ్యి డబ్బా మీద పెట్టి చూశాడు.

"వద్దురా," అన్నాడు. "అది వేడెక్కిపోతాది."