పుల్ల కొలత

ప్రింగిల్ చెప్పుల కొట్లో బెంచీ తెల్లవాళ్ళకే. నది ఇవతల రేకుల గుడిసెల్లో ఉండే మేం, ఈ నేలకి మొదటివాళ్ళం, అక్కడ కూర్చుని బూటు తొడిగి చూసుకోకూడదు. నల్లకాలు దూరిన బూటు ఇంకెవరూ కొనరట. అందుకని పాదం పొడవున పుల్ల విరిచి పట్టుకెళ్తాం. గుమ్మంలోనే ప్రింగిల్ అది కొలిచి ఒక జత మా మీదికి విసురుతాడు.

పుల్లకి పొడవే తెలుసు, వెడల్పు తెలియదు. డల్సీ పెద్దమ్మ మనవరాలు నోలీన్‌కి అలా కొన్న బూట్లు వారంలో మడమలు కొరికేశాయి. పుండ్లు చీముపట్టి, పిల్ల వట్టికాళ్ళతో బడికెళ్ళింది. బూట్లు లేవని వెనక్కి పంపారు. పంపినవాళ్ళే, పిల్ల బడికి రావడంలేదని సర్కారు సంక్షేమ బోర్డుకి రాశారు. శుక్రవారం మధ్యాహ్నం కారొస్తుందని, పిల్లని తీసుకుపోతామని కాగితం వచ్చింది. నిరుడు అలా వెళ్ళిన మా ముగ్గురు పిల్లలు ఈనాటికీ తిరిగి రాలేదు. కాళ్ళు విరగ్గొట్టి, నడవవేమని తన్నడమంటే ఇదే.

గురువారం సిడ్నీ నుంచి బస్సులో విద్యార్థులు దిగారు. ఈ వర్ణభేదం మీద ఊరూరా పోరాడుతున్నారట. ఆ సాయంత్రం మా పేటలో పెట్టిన మీటింగులో రోస్లిన్ అనే తెల్లపిల్ల, నోలీన్‌కి తనే ఒక జత కొని తెస్తానంది.

"తెస్తావమ్మా. వచ్చే ఏడు దీని కాలు పెరుగుతుంది. అప్పుడూ వస్తావా బస్సేసుకుని?" అంది పెద్దమ్మ.

అందరం నవ్వాం. రోస్లిన్ ముఖం ఎర్రబడింది. మరేం చెయ్యమంటారని అడిగింది.

శుక్రవారం పొద్దున్నే పదకొండుమంది ఆడవాళ్ళం నోలీన్‌ని తీసుకెళ్ళి ఆ బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నాం. విద్యార్థులు బూట్ల పెట్టెలు దించి, మోకాళ్ళ మీద కూర్చుని, మా కాళ్ళకి బూట్లు తొడిగారు. నోలీన్‌కి నాలుగో జత సరిపోయింది. లేచి రెండడుగులు వేసి, నొప్పి లేదే అంది. నాకు ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం కావస్తుండగా ప్రింగిల్ పోలీసు సార్జెంటుని తెచ్చాడు. వెనకే ఊరి జనం వచ్చి మా మీద ఉమ్మారు. సార్జెంటు బూట్లు విప్పమన్నాడు.

"నల్లకాలు పెట్టింది అమ్ముడుపోదని నువ్వేగా అన్నావు ప్రింగిల్," అంది పెద్దమ్మ. "విప్పించి ఎవరికమ్ముతావు?"

సార్జెంటు ఆమె పాదం మీద మడమ పెట్టి తొక్కాడు. ఎముక విరిగిన చప్పుడు విన్నాం. నోలీన్ బూట్లు లాగేసి, వట్టికాళ్ళతోనే, అక్కడికే వచ్చిన బోర్డు కారెక్కించారు. అడ్డంపడిన మమ్మల్ని జుట్టు పట్టి ఈడ్చుకెళ్ళి లాకప్పులో వేశారు. మా కాళ్ళు తగిలిన బూట్లన్నీ ప్రింగిల్ పెరట్లో తగలబెట్టాడు. తోలు కాలిన కంపు లాకప్పులోకీ వచ్చింది.

సోమవారం వదిలారు. పెద్దమ్మని మోసుకుంటూ తిన్నగా ఆ కొట్టుకే వెళ్ళాం. గుమ్మం ముందు, ఇక వద్దని మావాళ్ళు విరిచి పారేసిన కొలత పుల్లలు గుట్టగా పడి ఉన్నాయి. మా పేటంతా వట్టికాళ్ళతో నిలబడి ఉంది, పక్కనే రోస్లిన్ వాళ్ళు. అందరం కలిసే లోపలికి నడిచాం.

బెంచీ మీద దించగానే పెద్దమ్మ విరిగిన కాలు ముందుకి చాపింది.

"కొలువు ప్రింగిల్. వాపుతో సహా కొలువు."

నోలీన్ ఇంకా రాలేదు. మేం ఆ బెంచీ మీంచి లేవలేదు.