పైన మెట్రో, కింద జావా

ఆనంద్ పాల్ సిలిండర్‌ను ఒళ్లో పడుకోబెట్టుకుని, పొగ బయటికి పోయే దారిలోకి చూపుడువేలు దూర్చి, కళ్లు మూసుకున్నాడు. పాలపన్ను మొలిచిందేమోనని పసివాడి చిగుళ్లు తడిమే తల్లి కూడా అంత శ్రద్ధగా తడమదు. ఎక్కడో ఆవగింజంత గరుకు తగిలింది. సన్న ఆకురాయితో రెండుసార్లు గీకి, ఎమరీ కాగితం పెట్టి రుద్ది, మళ్లీ వేలు పెట్టాడు. ఈసారి వేలు నూనెలో చేపలా జారింది.

"వెన్న!" అన్నాడు తనలో తనే.

ఆదివారం. తూర్పు ఇంకా సరిగా తెల్లబడలేదు. నాంపల్లి స్టేషన్ ఎదుటి సందులో లాడ్జీల బోర్డు దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. రెండు లాడ్జీల మధ్య మిగిలిపోయిన జాగా మీద రేకు కప్పితే అది పాల్ షెడ్డు అయింది. అందులో బండి ఉంటే మనిషి బయట, మనిషి ఉంటే బండి బయట.

అరవై దాటిన పొట్టి మనిషి పాల్. ముంజేతులు మాత్రం ఏ పహిల్వాన్‌వో తెచ్చి అతికించినట్టుంటాయి. కళ్లజోడు కాడ విరిగితే క్లచ్ వైరు పోగుతో కట్టాడు. ఆ కట్టు ఎప్పటిదో కళ్లజోడుకే గుర్తులేదు. కుర్రతనంలో మెదక్ నుంచి వచ్చి ఈ సందులో స్పానర్ పట్టాడు, మళ్లీ కింద పెట్టలేదు. కోర్టు గుమస్తాల స్కూటర్లు, పాలవాళ్ల మోపెడ్లు, వకీళ్ల మోటార్ సైకిళ్లు, ఏ బండి వచ్చినా దాని వెనక వచ్చే మాట ఒకటే: మైలేజీ. తక్కువ తాగాలి, ఎక్కువ దూరం పోవాలి. ‘పాల్ సాబ్, జర దీని జోరు పెంచు’ అని అడిగిన మగాడు నాంపల్లిలో పుట్టలేదు. పాపం, ఆయన బతుకంతా ఇంజన్లకు పథ్యం పెట్టడంతోనే సరిపోయింది.

ఆ కసి మొత్తం ఇప్పుడు తన సొంత ఎర్ర జావా మీద తీర్చుకుంటున్నాడు. ఆ బండి ఆయన పెళ్లికంటే పాతది. సిలిండర్‌కు మూతలాంటి హెడ్డును లేత్ మీద చెక్కించి పల్చన చేశాడు. లోపల జాగా తగ్గితే పెట్రోలు ఆవిరి ఇంకా గట్టిగా నలుగుతుంది, నలిగినకొద్దీ గట్టిగా తంతుంది. పొగ దారిని వెడల్పు చేశాడు. జుమేరాత్ బజార్‌లో తుప్పు కుప్పలోంచి ఏరి తెచ్చిన పెద్ద కార్బురేటర్ బిగించాడు. అది పాత దాని పక్కన పెడితే చెంబు పక్కన బిందె.

ఇంత హడావిడి ఎందుకంటే, ఒక రైలు కోసం.

ఎనభై ఒకటో సంవత్సరంలో ఈ జావా మీద పాల్ నాంపల్లిలో బయల్దేరిన రైలుతో పందెం వేసి, ఖైరతాబాద్ గేటు దగ్గర దాన్ని దాటేశాడు. ఇది పాల్ చెప్పే మాట. మొదట్లో కథ ఇంతే ఉండేది. కొన్నేళ్లకు డ్రైవరు తల బయటపెట్టి సలాం కొట్టాడు. మరి కొన్నేళ్లకు గార్డు రైలుకు చూపాల్సిన పచ్చజెండా పాల్‌కు చూపాడు. ఈమధ్య ఒక పెళ్లికూతురు కిటికీలోంచి చెయ్యి చాపి లడ్డు కూడా ఇచ్చింది. భార్య బెత్సీ గార్డు వరకు ఓర్చుకుంది గాని పెళ్లికూతురు దగ్గర ఆగిపోయింది. "పది గంటల ఆరాధనకు అబిడ్స్ చర్చికి రాకపోతివా, ఆ లడ్డు సంగతి పాదిరిగారి ముంగటనే తీస్త," అని రాత్రే హెచ్చరించింది.

బెత్సీ నమ్మకపోయినా ఫికర్ లేదు. నమ్మాల్సిన మనిషి వేరే ఉంది. షెడ్డు ముందు ఇరవై ఏళ్లుగా చాయ్ బండి పెట్టిన సమ్మక్క.

ఆమె అప్పుడే సందులోకి వచ్చింది. రెండు చేతుల్లో రెండు సంచులు, నెత్తిన స్టవ్వు మూట. జనగామలో చెల్లెలు పూలమ్మ టిఫిన్ సెంటర్ పెట్టి, ఒక్కతే చేసుకోలేక అక్కను రమ్మంది. చాయ్ బండి నిన్ననే ఎవరికో ఇచ్చేసింది. ఇవాళ మెట్రోలో, మధ్యలో లైను మారి, ఉప్పల్ దాకా పోయి, అక్కడ బస్సెక్కుతుంది. ఇక నాంపల్లికి రాదు.

"ఏందన్నా, ఇంకా ఇప్పుకొనే కూసున్నవ్? నీ బండి లేచేసరికి నేను జనగామల దోసె తిప్పుతుంట."

"ఆగక్కా. నీ రైలు గాడ కదిలేటాల్లకు నా బండి గీడ కదుల్తది."

"పోయిన ఏడు గార్డు జెండ ఊపిండంటివి. గీ ఏడు పెండ్లిపిల్ల లడ్డిచ్చిందంటివి. ఇంకో ఏడు నేనుంటే రైలే నీ బండి మీద కూసుందంటుంటివి."

"లడ్డు తిన్నోనికి తెలుస్తది దాని తీపి."

"ఇరవై ఏండ్ల సంది నీ చాయ్‌ల నేనేసిన చక్కెర కంటె నీ అబద్ధమే తీపున్నది పో!"

పాల్ నవ్వుతూనే హెడ్డు బోల్టులు ఏరుకున్నాడు. ఈమె ఇవాళ ఇలాగే పోతే, జనగామలో దోసెలు తిప్పుకుంటూ, వచ్చినవాళ్లకల్లా ‘నాంపల్లిలో పాల్ అని ఒక అబద్ధాలకోరు ఉండె’ అని చెప్తుంది. చనిపోయేదాకా చెప్తుంది. ఇరవై ఏళ్లు రోజూ విన్న మనిషి మాటకు తిరుగేముంది? అందుకే ఈ పందెం. పైన మెట్రోలో ఆమె, కింద జావా మీద తను, నాంపల్లి నుంచి లక్డీకాపూల్ దాకా. ముందెవరు చేరితే వాళ్ల మాట నిజం.

హెడ్డు బిగించి, పెట్రోల్లో ఆయిలు కలిపి పోసి, జావా లివరు మీద కాలేశాడు. ఆ ఒక్క లివరే వెనక్కి మడిస్తే కిక్కు, ముందుకు వేస్తే గేరు. మొదటి తన్నుకు దగ్గింది. రెండో తన్నుకు కాలిని ఎదురు తన్నింది. మూడో తన్నుకు అరిచిన అరుపుకు ఎదురు లాడ్జీలో మూడంతస్తుల కిటికీలు ఒకేసారి తెరుచుకున్నాయి.

చూసొస్తానని ఒక చుట్టు అబిడ్స్ వైపు తిప్పాడు. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తున్నవాళ్లు తలెత్తేలోపల ఎర్ర మెరుపు పోయింది, నీలం పొగ మిగిలింది. పుస్తకాల పేజీలు వాటంతటవే తిరిగాయని తర్వాత పాల్ చెప్పాడు. అంత గాలి లేచిందో లేదో పుస్తకాలకే తెలియాలి.

తిరిగొచ్చేసరికి సమ్మక్క మెట్రో మెట్ల దగ్గర ఉంది. "మెట్లే నడుస్తున్నయంటగదా, ఇంక నేనెందుకు నడ్వాలె," అంటూ మూటతో సహా కదిలే మెట్టు మీద నిలబడి, రాణిలా పైకి పోయింది.

పాల్ స్టేషన్ కింద బండి నిలబెట్టి పైకి చూశాడు. సిమెంటు వంతెన కడుపు తప్ప ఇంకేం కనబడలేదు. రెండు నెలలుగా ఇంజన్‌లో ప్రతి రంధ్రం తడిమిన మనిషికి ఈ ఒక్కటి తట్టలేదు: వంతెన కింద ఉన్నవాడికి వంతెన మీది రైలు కనబడదు. గబగబా ఫోను కలిపి హెల్మెట్‌లో చెవి పక్కన దోపాడు.

"అక్కా! నాకు కనిపిస్తలేదు!"

"జర రోడ్డు అంచుకు జరుగు... ఆఁ, నాకు కనిపిస్తున్నవ్ తియ్. గా తెల్ల బనీను నీదేగద? ఆగు... తలుపులు మూసుకున్నయ్... అమ్మో, కదిలింది! కదిలిందన్నా!"

పాల్ క్లచ్ వదిలాడు. వెనక చక్రం రోడ్డు మీద ఒక గీత గీసింది. పిల్లర్లు ఒకటి వెనక ఒకటి వెనక్కి ఉరికాయి. చెవిలో సమ్మక్క గొంతు ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి పరిగెడుతోంది.

"ఎన్కబడ్డవ్! ఎన్కబడ్డవ్! బాబూ జర జరుగు, మా అన్న కింద ఉరుకుతుండు... ఔ, గా ఎర్రబండే!"

అసెంబ్లీ దగ్గర రైలు ఆగింది. పాల్ ఆగలేదు. ముందుకొచ్చేశాననుకుంటుండగా రవీంద్రభారతి దగ్గర ఎర్రదీపం పడింది. రోడ్డు మీద పిట్ట లేదు. కాని స్తంభం మీద కెమెరా ఉంది. చలాన్ పడితే ఆ మెసేజ్ పోయేది బెత్సీ ఫోనుకి. పాల్ బ్రేకు తొక్కాడు. ఇంజన్ కాళ్ల మధ్య కట్టేసిన కోడెలా బుసలు కొట్టింది.

"ఏందన్నా నిలబడ్డవ్? మాది కదిలింది! నీ మీదికెళ్లి పోతున్నం! టాటా!"

పచ్చదీపం పడింది. రెండో గేరులో పిడి చివరిదాకా తిప్పాడు. ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత, చెక్కిన హెడ్డూ వెడల్పు చేసిన దారీ బిందెడు కార్బురేటరూ మూడూ ఒక్క మాట మీదికి వచ్చాయి. ఇంజన్ గొంతు మారింది. వెనకనుంచి ఎవరో రెండు చేతులతో తోసినట్టు బండి ఎగిరింది, చేతులు సాగాయి, కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి పోయాయి. ఎన్నేళ్లుగానో పరాయి బండ్ల కోసం గొంతు నొక్కి ఉంచిన కేక ఆయన నోట్లోంచే వచ్చింది. మలుపులో వంతెన పక్కకు తిరిగింది. మొదటిసారి రైలు కనిపించింది. తలకు కొంచెం పైన, పక్కపక్కనే! ఒక కిటికీకి అతుక్కుపోయిన మొహం. తెరిచిన నోరు.

"పో అన్నా! పో! పో!"

లక్డీకాపూల్ స్టేషన్ మెట్లు కనబడుతుండగా ఇంజన్ ఒక్కసారి కీచుమని పట్టేసింది. దాని వయసు దానికీ ఉందిగా. పాల్ క్లచ్ గట్టిగా పట్టుకున్నాడు. బండి చప్పుడు లేకుండా, ఉన్న ఊపుతోనే జారుతూ పోయి, మెట్ల ముందు ఆగింది. అదే సమయంలో పైన రైలు బ్రేకులు మూలిగాయి.

ముందెవరు? పాల్‌కు తెలియదు. తెలిసిన మనిషి పైన ఉంది.

"అక్కా! చెప్పు! ఎవలు ముందొచ్చిన్రు?"

ఫోను ఆమె చేతిలోనే ఉంది, మాట మాత్రం బోగీలోవాళ్లతో.

"మా పాలన్న బిడ్డా, నాంపల్లి మెకానిక్. జూసిన్రుగద, మనకంటె ముంగటనే అచ్చి నిలబడ్డడు. గిదేంది, ఎనభై ఒకట్ల పెద్దరైలునే దాటిండు. అబద్ధమా? నేను గప్పుడు ఖైరతాబాద్ గేటు కాడనే నిలబడి ఉంటి! ఈ కండ్లతోటి జూసిన. గార్డు జెండ ఊపిండు. పెండ్లిపిల్ల లడ్డిచ్చింది. ఒక్కటి గాదు, రెండిచ్చింది! ఒకటి నాకు బెట్టిండు."

పాల్ హెల్మెట్‌లోనే పగలబడి నవ్వాడు. ఎనభై ఒకటిలో ఈమె ఇంకా జనగామలో మేకలు కాస్తోంది.

"అక్కా, ఒక్కటే! ఒక్కటే లడ్డు!"

"నువ్వూకో అన్నా, నాకు తెల్వదా!"

తలుపులు మూసుకుంటున్న గంట మోగింది. ఆమె ఇంకేదో అంటోంది, ‘పైలం’ అన్నట్టు వినిపించింది, ఫోను తెగిపోయింది. పాల్ హెల్మెట్ తీసి తలెత్తాడు. రైలు ఖైరతాబాద్ వైపు, ఎప్పుడూ పోయేట్టే పోయింది. పోయిరా అనడం మర్చిపోయానని అప్పుడు గుర్తొచ్చింది.

ఇంజన్ చల్లారేదాకా మెట్ల మీద కూర్చున్నాడు. కిక్కు కొడితే మళ్లీ లేచింది. మైలేజీ వచ్చే వేగంతో, రోడ్డు పక్కగా, మెల్లగా నాంపల్లి చేరాడు. ఆరాధనకు ఇంకా టైముంది.

షెడ్డు రేకు తలుపు తియ్యబోయి చెయ్యి ఆపాడు. ఎండకు టార్పాలిన్ పట్టా కట్టుకోవడానికి సమ్మక్క తలుపు కొక్కేనికి వేసిన నీలం నైలాన్ తాడు ఇంకా అక్కడే ఉంది. తాడు కోసి పట్టా తీసుకుపోయింది గాని ముడి వదిలేసింది. మూడు చుట్లు చుట్టి, పంటితో లాగి బిగించిన ముడి. వానలకు తడిసి, ఎండలకు ఎండి రాయిలా అయిపోయింది. కత్తితో కోసిన దాని కొసన నాలుగు పోగులు విచ్చుకుని, గాలి వచ్చినప్పుడల్లా కొంచెం కదులుతున్నాయి.