ఆవిరిలో రెండో చరణం

ఆగవే మబ్బా, ఆగవే కాసేపు,
ఆరేసిన బట్టలింకా ఆరలేదు…

ఆ తర్వాత వరుస నాకు గుర్తు లేదు. మా అమ్మ బట్టలు ఆరేస్తూ పాడేది, నేను పక్కన నిలబడి క్లిప్పులు అందిస్తూ వంత పాడేదాన్ని. మూడో వరుసలో ‘గుమ్మం’ అన్న మాట ఒకటి ఉండాలి. మిగతాదంతా నన్నన్నా నన్నన్నా. ఇన్నేళ్ళుగా రెండు వరుసలు పాడటం, మూడోదాని దగ్గర నన్నన్నా అనుకోవడం, మళ్ళీ మొదటికి రావడం. నా పాట బతుకు అంతే.

మా లాండ్రీలో అందరికంటే ముందు లేచేది ఉతికే మిషను. దాని గుడగుడ విని మేం లేస్తాం. మా అమ్మాయి మిషన్ల దగ్గరుంటుంది. అల్లుడు బండి మీద ఇళ్ళకు బట్టలు చేరవేస్తాడు. మనవరాలు గువ్వ ఇస్త్రీ బల్ల దగ్గర. నేను గుమ్మం పక్క కుర్చీలో శాలువా కప్పుకుని కాలర్లకు నంబరు చీటీలు కుడుతుంటాను. గువ్వకు అసలు పేరు వేరే ఉంది గానీ, పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడిపోయింది కాబట్టి ఆ పేరే నిలిచిపోయింది. నాకు అక్షరాలూ అంకెలూ నేర్పింది అదే. జుట్టంతా తెల్లబడ్డాక నేర్చుకున్నదాన్నేమో, ఇప్పటికీ నంబరు రాసేటప్పుడు నాలుక బయటపెడతానట. అలా అని నవ్వుతుంది.

బట్ట మీద నీళ్ళు చిలకరించి వేడి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరి లేస్తుంది కదా. ఆ ఆవిరిలో, ఆ బట్ట తొడుక్కున్నవాళ్ళు తీసిన కూనిరాగాలు వినిపిస్తాయి. ఒక్కసారే. పెట్టె దాటిపోయాక ఇక ఆ బట్ట మూగది. పళ్ళ డాక్టరుగారి కోటు ఎప్పుడూ పెళ్ళి పాటలు పాడుతుంది. ఇన్‌స్పెక్టరుగారి యూనిఫాంలో జోలపాట ఉంటుంది. ఆయనకు పిల్లల్లేరు, పిల్లి ఉంది. బ్యాంకు గుమాస్తా చొక్కాలు మాత్రం ఏ వారమైనా ఉత్త బుస్సుమంటాయి. పాపం, ఆయన నోట ఎప్పుడూ ఏ రాగమూ రాదన్నమాట.

బట్టలిచ్చేవాళ్ళకూ ఇదంతా తెలుసు. “వీపు దగ్గర కాస్త గబగబా కానిచ్చేయమ్మా, వారమంతా ఒకటే పిచ్చి పాట పట్టుకుంది” అంటారు సిగ్గుపడుతూ. బల్ల దగ్గర విన్నది బల్ల దగ్గరే వదిలేయాలన్నది మా అమ్మాయి పెట్టిన కట్టుబాటు. అది తప్పితే మా దగ్గరికి బట్టలెవరేస్తారు?

గువ్వ ఆ బల్ల కిందే పెరిగింది. ఊరందరి రాగాలూ దాని తల మీదుగానే పోయేవి. అలాంటి పిల్ల పాటలు కట్టకపోతే వింత గానీ, కడితే వింతేముంది? మాటా తనదే, వరుసా తనదే. ఇస్త్రీ చేస్తూ కట్టేది, అన్నం తింటూ దిద్దేది.

“పాటతో చొక్కా మడత పడదే” అనేది వాళ్ళమ్మ.

“నీ తిట్లతో పడుతోందా ఏంటి?” అనేది ఇది.

ఒకరోజు తన పాటలన్నీ తీసుకుని, చెప్పుల దుకాణం పై అంతస్తులో పాటలు రికార్డు చేసే పెద్దమనిషి దగ్గరికి వెళ్ళింది. ఆయన అన్నీ ఓపిగ్గా విన్నాడట, బల్ల మీద వేళ్ళతో తాళం కూడా వేశాడట. చివరికి, “తప్పు పట్టడానికి ఏమీ లేదమ్మా. కానీ ఈ పాటలు వినకపోతే ఎవరికైనా ఏదైనా లోటుంటుందా చెప్పు?” అన్నాడట.

తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత మొండికేసి బస్టాండుకు పోయి, స్తంభం పక్కన నిలబడి పాడింది. అప్పుడే కట్టిన కొత్త పాట. ఒక్క చరణమే ఉంది. జనం ఎదురుగా ఉంటే రెండోది అదే వస్తుందనుకుంది. జనం గడియారం చూసుకున్నారు, మూటలు సర్దుకున్నారు. ఇంతలో బస్సు కదిలింది. ప్లాట్‌ఫారం ఖాళీ అయిపోయింది. పాట నోట్లోనే ఆగిపోయింది.

ఇంటికొచ్చి, “ఇంక రాయను అమ్మమ్మా” అంది. ఏడవలేదు. అదే నాకు నచ్చలేదు.

ఇస్త్రీపెట్టె వేడి ఎంతుందో చూడటానికి మేం ముందుగా ఒక కాగితం మీద ఆనిస్తాం. గువ్వ తన పాటల కాగితాలు ఆ పనికి పెట్టేసింది. రోజుకొకటి. ఒక్కో పాట మీద పడవ ఆకారంలో ఒక్కో గోధుమరంగు మచ్చ. నేను కూడబలుక్కుని చదివేలోపే మాటలు మాడిపోయేవి.

అంతకంటే భయపెట్టింది ఇంకోటి. దాని గౌను ఒకటి నేనే ఇస్త్రీ చేశాను, ఏమైనా వినిపిస్తుందేమోనని. బుస్సుమంది. ఇంకోటి చేశాను. అదీ అంతే. ఇన్నాళ్ళూ దాని బట్టలు ముట్టుకుంటే చాలు, పిట్టల గూడు కదిలించినట్టుండేది. ఇప్పుడు గుమాస్తా చొక్కా పక్కన మడతపెడితే ఏది ఎవరిదో చెప్పలేం. ఈ పిల్ల ఇలాగే మూగబోతుందా అని, చీటీలు కుడుతూ సూది వేలికి పొడుచుకున్నాను.

అలా ఉండగా ఒక కొత్త మనిషి చొక్కా వచ్చింది. బస్సు కండక్టరు. ఈ మధ్యే ఈ దారికి మారాడట. గువ్వ ఏదో ఆలోచిస్తూ నీళ్ళు చిలకరించి పెట్టె ఆనించింది. ఆవిరి లేచింది. గొంతు బొంగురే గానీ, వరుస తిన్నగా ఉంది.

వెళ్ళేవాళ్ళకు కిటికీ ఉంది,
ఉండేవాళ్ళకు గుమ్మం ఉంది,
మధ్యన నిలిచిన నాకేముంది?
మెడలో ఊగే సంచీ ఉంది…

గువ్వ చేయి ఆగిపోయింది. బట్ట మాడిన వాసన వస్తుందేమోనని నేను లేవబోయాను. అది పెట్టె పైకెత్తి, కళ్ళెర్రజేసి, “సంచీ ఏంటి సంచీ!” అంది.

“ఏమైందే?”

“అది నా పాట అమ్మమ్మా! బస్టాండులో పాడింది! ‘గాలిలో ఊగే చెయ్యి ఉంది’ అని కదా నేను రాసింది. సంచీ అట, సంచీ!”

అదెంత కోపంగా ఉందంటే, నాకు ప్రాణం లేచొచ్చింది. ఎన్ని రోజులైందో దాని ముఖంలో రంగు చూసి!

కోపంతోనే మిగతా చొక్కా రుద్దింది. చేతుల మీద అదే చరణం, వీపు మీద అదే చరణం. చరణం అయిపోగానే ఆ బొంగురు గొంతు నన్నన్నా నన్నన్నా అంటూ కాసేపు తడుముకుని, మళ్ళీ కిటికీ దగ్గరికొచ్చేది. ఒక్క గదే ఉన్న ఇంట్లో మనిషి తిరిగినట్టు.

“ఆ నన్నన్నా ఎందుకు?” అంది గువ్వ మెల్లగా.

“నన్నడుగుతావేం? నా పాటలోనూ అదేగా” అన్నాను.

సాయంత్రం కండక్టరు వచ్చాడు. నడి వయసు మనిషి, నడకలో కూడా బస్సు ఊగినట్టు ఊగుతాడు. గువ్వ వాళ్ళమ్మ పెట్టిన కట్టుబాటు గాలికొదిలేసింది.

“ఆ పాట మీకెక్కడిదండీ?”

“పాటా? నేను పాడతానా? నాకసలు పాటలు రావమ్మా” అన్నాడాయన. చెవులు ఎర్రబడ్డాయి.

“మీ చొక్కాకి వచ్చు.”

ఆయన చొక్కా వైపు చూసి తల గోక్కున్నాడు. “అదా… బస్టాండులో ఒక పిల్ల పాడుతోంది. నేను ఫుట్‌బోర్డు మీద, అటు చెవి పెట్టి వింటున్నా. సగంలో మా డ్రైవరు బండి కదిలించేశాడు, దుర్మార్గుడు. మిగతాది వినలేదు. అది ఎక్కడో ఆగిపోయినట్టు, చెవిలో ముల్లులా ఉండిపోయింది. అటుపోతూ ఇటుపోతూ నేనే ఏదో కలుపుకుంటున్నా. నీకేమైనా తెలుసా ఆ మిగతాది?”

మిగతాది అంటూ ఏదీ లేదు. ఆ సంగతి గువ్వకు తెలుసు, నాకు తెలుసు. అది తలొంచుకుని చొక్కా మడత సరిచేసింది. తర్వాత ఆ చొక్కా తీసి బల్ల కింద పెట్టేసింది.

“తెలుసండీ. చొక్కా ఇచ్చేటప్పుడు చెప్తాను. ఇంకా ఆరలేదు.”

“ఇప్పుడే మడతపెట్టావు కదమ్మా!”

“లోపల చెమ్మ ఉంది.”

మర్నాడు వచ్చాడు. ఆరలేదంది. ఆ మర్నాడు కూడా ఆరలేదంది. బయట ఎండ పెళపెళలాడుతోంది. ఆయనకు ఉన్నవే రెండు యూనిఫాంలు. ఒంటి మీదిది మాసి అట్టకట్టుకుపోయింది. “డిపోలో నన్ను చూసి ముక్కు మూసుకుంటున్నారు తల్లీ” అని మొత్తుకున్నాడు.

“ఏమే, ఆ మనిషి చొక్కా ఇవ్వవేం?” అని మా అమ్మాయి విరుచుకుపడింది. “పరువు తీస్తున్నావు. ఎండాకాలంలో బట్టలారలేదని చెప్పే లాండ్రీ ఎక్కడైనా ఉందా?”

“రావట్లేదమ్మా!” అంది గువ్వ.

“ఏది?”

“రెండో చరణం.”

మా అమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుని కూతుర్ని కాసేపు చూసింది. ఆ సాయంత్రం కండక్టరు వస్తే, తనే ఎదురెళ్ళి, “చెమ్మండీ. ఈ ఏడు గాల్లో చెమ్మ ఎక్కువ” అంది.

గువ్వ రాసేది, కొట్టేసేది, గిన్నెలు ఠపఠపమనిపించేది. ‘చెయ్యి’ మేలా ‘సంచీ’ మేలా అని నన్నడిగేది. సంచీయే మేలంటే నాతో మాట్లాడేది కాదు. ఇస్త్రీ వేడి చూడటానికి మాత్రం పాత వార్తాపత్రిక తెచ్చుకుంది.

ఒక మధ్యాహ్నం గుమాస్తా చొక్కాల వంతు వచ్చింది. ఎలాగూ బుస్సే కదా అని గువ్వ పరధ్యానంగా పెట్టె ఆనించింది. ఆవిరిలోంచి సన్నగా, భయంభయంగా, గొంతు సవరించుకున్న చప్పుడైంది. తర్వాత ఒక పాట.

మధ్యన నిలిచిన నాకేముంది?
జేబులో కక్కిన పెన్నూ ఉంది…
నన్నన్నా నన్నన్నా…

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. చొక్కా జేబు కింద సిరా మరక ఉండనే ఉంది. ఆయన రోజూ మన కండక్టరు బస్సులోనే పోతాడని అప్పుడు తట్టింది. జన్మలో మొదటిసారి ఆ మనిషి కూనిరాగం తీశాడు. తనకున్నదేదో తనే కలుపుకున్నాడు.

గువ్వ నవ్వింది. నవ్వీ నవ్వీ బల్ల అంచు పట్టుకుని కిందికి జారి, చిన్నప్పుడు కూర్చునే చోటే కూర్చుంది. చాలాసేపు లేవలేదు. చొక్కా నేనే పూర్తి చేశాను. లేచాక బల్ల కిందనుంచి కండక్టరు చొక్కా తీసి కౌంటరు మీద పెట్టింది.

ఆయన వచ్చాడు. “ఆరిందా?” అన్నాడు, ఆశ వదులుకున్న గొంతుతో.

“ఆరిందండీ” అని, చొక్కా ఆయన చేతుల్లో పెట్టి, అక్కడే నిలబడి పాడింది.

దిగేవాళ్ళకు దారి తెలుసు,
ఎక్కేవాళ్ళకు ఊరు తెలుసు,
మధ్యన తిరిగే నాకేం తెలుసు?
అందరి కూనిరాగం తెలుసు.

కండక్టరు చొక్కా గుండెకు ఆనించుకుని వింటూ ఉండిపోయాడు. వెనక మిషను తిరుగుతూనే ఉంది, మా అమ్మాయి దాన్ని ఆపడానికి లేవలేదు. చివరికాయన, “ఓహో. ఇదా మిగతాది” అన్నాడు. పోగొట్టుకున్న వస్తువు ఇంట్లోనే దొరికినట్టు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, “ఆ పిల్లవి నువ్వేనా?” అన్నాడు.

“నేనే.”

“అయితే సంచీ సంగతి క్షమించమ్మా.”

“వద్దులెండి, సంచీ ఉంచుకోండి. మీకు అదే సరిపోయింది” అంది గువ్వ.

ఆ తర్వాత బల్ల దగ్గర కూర్చుంటే వినాలి! పళ్ళ డాక్టరు కోటులో ఆ పాటే, ఇన్‌స్పెక్టరు యూనిఫాంలో ఆ పాటే. నాలుగో వరుస మాత్రం ఎవరిది వాళ్ళదే. డాక్టరుకు అద్దం ఉంది, ఇన్‌స్పెక్టరుకు పిల్లి ఉంది. గువ్వ ఒక్కోటీ వింటూ, “ఇది బాగుంది”, “ఇది మరీ ఘోరం” అని తీర్పులు చెప్పేది. కొత్త పాటలు కట్టేది. దాని గౌనుకు పెట్టె ఆనిస్తే చాలు, నాకు చెవులు మూసుకోవాలనిపించేది. ఎంత సంతోషమో.

ఊరూరా తిరిగే నాటకం వాళ్ళు తమ దుస్తులు మాకే వేస్తారు. వాళ్ళ పెద్దావిడ ఒకరోజు స్వయంగా వచ్చింది. “ఈ కిటికీ గుమ్మం పాట ఎవరిది? మావాళ్ళు ఒక్కొక్కరు ఒక్కోలా పాడి చంపుతున్నారు. అసలుది కావాలి నాకు.”

“అసలుది లేదండీ. అవన్నీ కలిపితేనే పాట” అంది గువ్వ.

ఆవిడ దాన్ని ఎగాదిగా చూసి, “మాతో వస్తావా? నాటకానికి పాటలు కట్టాలి” అంది.

వాళ్ళమ్మ ఏమంటుందోనని నేను చీటీ కుట్టడం ఆపి చూశాను. “పంపిస్తాం గానీ, బట్టలు మాత్రం ఇక్కడికే రావాలి” అంది మా అమ్మాయి.

గువ్వ వెళ్ళేముందు రోజు నా శాలువా ఇస్త్రీ చేస్తానని పట్టుబట్టి లాక్కుంది. నేను లోపల కునుకు తీస్తున్నాను, ఏం విందో తెలియదు. చక్కగా మడతపెట్టి తెచ్చి, నా భుజాల మీద కప్పి, తనలో తనే నవ్వుకుంది.

“ఏంటే?”

“మనిషికి తెలియకుండానే నోట ఎన్ని వస్తాయో కదా అమ్మమ్మా. నిద్రలో కూడా” అంది. అంతకంటే చెప్పలేదు.

మర్నాడు బస్టాండులో దాన్ని ఎక్కించాం. బస్సు మా కండక్టరుదే, చొక్కా తళతళలాడుతోంది. గువ్వ కిటికీ పక్కన కూర్చుంది. ఆయన ఫుట్‌బోర్డు మీద నిలబడి దానివైపు ఒకసారి, నావైపు ఒకసారి చూసి, ఈల నోట్లో పెట్టుకున్నాడు. ఆ చూపు చూస్తే వాళ్ళిద్దరూ ముందే ఏదో అనుకున్నారనిపించింది. ఈల మోగింది. బస్సు కదిలింది. అప్పటిదాకా ఊరుకున్న గువ్వ కిటికీలోంచి సగం బయటికి వంగి, చేతులు నోటి దగ్గర పెట్టుకుని అరిచింది. ఇంజను మోతలో నా చెవి దాకా వచ్చింది ఇంతే:

“అమ్మమ్మా, నీ మూడో వరుస శాలువాలో దొరికింది! ‘గుమ్మం దాకా వచ్చినదానివి…’”