పండక్కి అడ్డమొచ్చిన కారు

కారున్నవాడి కష్టం బస్సులో వెళ్లేవాళ్లకు అర్థం కాదు. కళ్లజోళ్ల షాపాయనకు రెండూ అర్థమవుతాయి. ఆయనకు కారుంది, రోజూ బస్సులో వెళతాడు. వెళ్లక ఏం చేస్తాడు? కారు తీస్తే ఇంటి ముందు చోటు పోతుంది. ఆ చోటు కోసం ఎదురింటి టైలరమ్మ తమ్ముడు తన వ్యానుతో రెండేళ్లుగా వీధి చివర కాచుకుని ఉన్నాడు. అందుకని ఆదివారాలు మాత్రం కవరు తీసి, తుడిచి, లోపల పది నిమిషాలు కూర్చుని, మళ్లీ కప్పేస్తాడు. ఇంట్లోవాళ్లు దాన్ని షికారు అంటారు.

ఇంత సుఖంగా సాగిపోతున్న సంసారం మీదికి వీధి పండగ వచ్చిపడింది. ఒకే వీధిలో ఉంటూ ఒకరి మొహం ఒకరికి తెలీకపోతే ఎలాగని టైలరమ్మ నడుం కట్టింది. ఆదివారం బళ్లన్నీ తీసేసి, బల్లలు వేసి, అందరూ ఇళ్లలో వండినవి తెచ్చుకుని కలిసి తినాలట.

"అన్నయ్యగారూ, మీ కారొక్కటి తీస్తే చాలు. పెద్ద బల్ల సరిగ్గా అక్కడే పడుతుంది."

"కారుండగా పండగ చేసుకోకూడదా అమ్మా? నాకేం అభ్యంతరం లేదు."

"మీకు లేదండీ. బల్లకుంది."

"తీస్తారులే వదినా," అంది లోపల్నుంచి ఆయన భార్య. "తీయకపోతే ఈయన్ని లోపల కూర్చోబెట్టి కవరు కప్పేద్దాం."

ఆదివారం పొద్దున ఆయన తాళం తిప్పాడు. కారు ఉలకలేదు. మళ్లీ తిప్పాడు. పలకలేదు. మూడో ఇంటి మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తాడు.

"నడిపి ఎన్నాళ్లయింది సార్?"

"ప్రతి ఆదివారం వాడుతూనే ఉన్నాంగా!"

"బ్యాటరీ ఎప్పుడో పోయింది సార్. తొయ్యాల్సిందే."

టైర్లకు గాలి కొట్టి పదిహేనుమంది చేతులేశారు. మేడ మీద డ్రమ్ములు వాయించే కుర్రాడూ, వాటి మీద ఇంటి ఓనరుకు వారం వారం ఫిర్యాదు రాసే టీచరమ్మా ఒకే బంపరు పట్టుకున్నారు.

"ఆ డ్రమ్ములు నువ్వేనా?"

"ఆ ఉత్తరాలు మీరేనా మేడం?"

పోట్లాడుకోవడానికి ఊపిరి చాలక ఇద్దరూ నవ్వేశారు. స్టీరింగు ముందున్న షాపాయన మాత్రం అద్దంలో దూరమైపోతున్న తన చోటును చూసుకుంటూ, కూతుర్ని అత్తారింటికి పంపుతున్నంత ఇదయిపోయాడు.

పండగ బ్రహ్మాండంగా జరిగింది. కారు పుణ్యమా అని వీధి మొత్తం కలిసిందని చెప్పి, పెద్ద బల్ల మొదట్లో ఉన్న చేతుల కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టారు. బల్ల రేపు తీద్దామనుకున్నారు. మూడు వారాలైంది. సాయంత్రమయ్యేసరికి అందరూ అక్కడే. తాళం ఎక్కడ తప్పుతున్నాడో టీచరమ్మ చెబుతుంటే కుర్రాడు బల్ల మీద దరువేస్తాడు. మొదటి టీ షాపాయనకే. ఆయన జోకులకు జనం నవ్వుతున్నారు కూడా. ఇంట్లో ఈ సౌకర్యం లేదు.

కారు వీధి చివర ఆకులు కప్పుకుని ఉంది. చోటు తిరిగి అడగాలంటే బల్ల తీయించాలి, బల్లతో పాటు కుర్చీ కూడా పోతుంది. పోనీ, ఒకసారి లేచి వెళ్లి కారును చూసొద్దామంటే, టైలరమ్మ తమ్ముడు ఆ కుర్చీ వెనకే నిలబడి ఉంటున్నాడు.

అయ్యా, అమ్మా, మీకేదైనా ఉపాయం తోస్తే దయచేసి చెప్పండి. కాస్త త్వరగా చెప్పండి. పాపం, ఆయన ఇప్పటికి నాలుగు టీలు తాగి ఉన్నాడు, కదలకుండా ఇంకెంతసేపని కూర్చోగలడు?